మూడు నోళ్లు

సెప్టెంబరు 1, సోమవారం

ఆఫీసు కార్డుల మీద నా సొంత మాట ఒక్కటి కూడా రాయకూడదు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల మాటలు రాసి రాసి, నావన్నీ లోపలే ఉండిపోయాయి. అందుకే కంపోజర్ పారేయబోయిన పాత ప్రూఫు కాగితాలు అడిగి తెచ్చుకుని, వెనక వైపు రాసుకోవడానికి వీలుగా కుట్టించుకున్నాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి అక్షరదోషాల భయం లేదు.

ఈ రోజు సంపాదకులుగారు గడువు చెప్పేశారు. అక్టోబరు పదిహేను. పుస్తకానికి పేరు ఇంకా పెట్టలేదు. అందులో ఉండేవి, వినడానికి ఒకేలానో దగ్గరదగ్గరగానో ఉండే రోజువారీ ఇంగ్లీషు మాటలు. పేజీకి రెండు గడులు. ఎడమ గడిలో నిఘంటువు అర్థం, కుడి గడిలో జనం వాడే అర్థం. ఎడమ గడి ఆఫీసులో నా పక్క బల్ల మేడమ్‌ది. ఆవిడ పన్నెండు లావు పుస్తకాలు ముందు పరుచుకుని, కిటికీ పక్కన కూర్చుని, చేతికి మట్టి అంటకుండా పని చేసుకుంటారు. ఒక స్టీల్ అంటే ఉక్కు, ఇంకో స్టీల్ అంటే దొంగిలించడం. అయిపోయింది. ఆ అర్థాలు పుస్తకాల్లోంచి ఎక్కడికీ పారిపోవు.

కుడి గడి నాది. అందులో అచ్చయ్యే ప్రతి అర్థమూ బతికున్న మనిషి నోట్లోంచి నేను స్వయంగా విని రావాలి. మా నిఘంటు సంస్థ పెట్టిన నాటి నుంచీ నియమం ఒకటే, మాటకి మూడు నోళ్లు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఆ మాటను అదే అర్థంలో అనగా విని, ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు రాయాలి. మాట, వాక్యం, తేదీ, విన్న చోటు, అన్న మనిషి వయసు, వృత్తి. కార్డులన్నీ అక్షరక్రమంలో పెట్టెలో ఉంచాలి. బంధువుల నోరు చెల్లదు. ఇంట్లోవాళ్లు మన మొహం చూసి మాట్లాడతారట, అది అసలైన వాడుక కాదట.

కావలసినవి నూట ఇరవై మాటలు. నా దగ్గరున్నవి పంతొమ్మిది.

సెప్టెంబరు 3, బుధవారం

పద్నాలుగో నంబరు బస్సులోంచి దించేశారు.

ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు కొత్త బూట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకడు "స్టీల్ రా ఇది" అన్నాడు. కారుచౌకగా దొరికిందని అర్థం. నెత్తిన పాలు పోసినట్టయింది. వంగి, దయచేసి ఆ వాక్యం మళ్లీ ఒకసారి అనమని, ఏ ఉద్యోగం చేస్తున్నాడో చెప్పమని అడిగాను. వాడు బూట్లు కాళ్ల కింద దాచుకున్నాడు. పక్కనున్న పెద్దమనిషి నన్ను పోలీసు అన్నాడు, వెనకావిడ కాదు, సర్వేవాడు అంది. కండక్టరమ్మ వచ్చి నా చేతిలో కార్డు చూసింది. మాటలు ఏరుకునేవాళ్లకి ఈ బస్సులో పాసు లేదని చెప్పి, వచ్చే స్టాపులో దించింది. మర్యాదగానే దించింది, అది చెప్పుకోవాలి.

క్షౌరశాలలో నిన్న ఇదే జరిగింది. అక్కడ సగం గడ్డంతో బయటపడ్డాను.

సెప్టెంబరు 4, గురువారం

భోజనాల దగ్గర చిన్న గొడవ. గొడవ కూడా కాదు.

మా అమ్మాయిని పెట్టిన పేరుతో ఎవరూ పిలవరు. మాటలు వచ్చిన రోజు నుంచీ ఆపలేదు కాబట్టి పిచ్చుక అంటాం. ఇప్పుడు పద్దెనిమిది, కాలేజీలో మొదటి సంవత్సరం. ఈ రోజు రాగానే కుర్చీలో కూలబడి, "నాన్నా, నేను ఫుల్ బీట్" అంది. అలిసిపోయానని. నేను జేబులోంచి కార్డు తీసి, "మళ్లీ అను, ఈసారి పూర్తి వాక్యం" అన్నాను. చెల్లకపోయినా నమూనాకి ఉంటుందని.

ఎందుకు బీట్ అయ్యావని అడుగుతావనుకున్నాను అంది. అది వాక్యం కాదు కదా, అందుకని నేను పెన్ను పట్టుకుని ఆగాను. చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయింది.

మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, నరం దొరకనివాళ్లని అలాగే చూస్తుందనుకుంటా.

సెప్టెంబరు 5, శుక్రవారం

పిచ్చుక ఏమడిగినా "ఊ" అంటోంది. ఊ ఇంగ్లీషు కాదు కాబట్టి కార్డు రాయలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

ఇది ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

సాయంత్రం ఆరేసిన దుప్పటి తీద్దామని బాల్కనీలోకి వెళ్లాను. దుప్పటికి అవతల పిచ్చుక ఫోనులో మాట్లాడుతోంది. ఫోను చెవి దగ్గర కాదు, బిస్కెట్టు కొరకబోతున్నట్టు నోటికి ఎదురుగా పెట్టుకుంది. నేను క్లిప్పు నోట్లో పెట్టుకుని, దుప్పటి ఆరిందో లేదో చూస్తూ నిలబడ్డాను. ఇంకా తడిగానే ఉంది. అందుకే ఆగాల్సి వచ్చింది.

"అది కాదు, విను. నా గురించి ఏదో టీ తిరుగుతోందట. అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు."

ఎడమ గడిలో మేడమ్ తేయాకు పానీయం అని, రెండో టీకి గోల్ఫ్ బంతిని నిలబెట్టే పుల్ల అని రాసి పెట్టారు. కుడి గడి ఖాళీ. నేను మూడు వారాలుగా టీ కోసం కాళ్లరిగేలా తిరిగాను. అది నా సొంత బాల్కనీలో ఉంది! చాటుగా తిరిగే కబురు. వాక్యం కూడా ఎంత చక్కగా కుదిరింది, అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. అర్థం చేతిలో పెట్టినట్టు ఉంది.

బంధువుల నోరు చెల్లదంటారు. కానీ పిచ్చుక మాట్లాడింది నాతో కాదు, నా మొహం చూసీ కాదు. మధ్యలో దుప్పటి ఉంది. పైగా నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నాతో మాట్లాడని మనిషి ఆ కాస్త సమయానికీ నాకు బంధువెలా అవుతుంది?

కార్డు మీద "బస్సు ప్రయాణికురాలు, 18" అని రాశాను.

సెప్టెంబరు 9, మంగళవారం

మూడు నోళ్లు కావాలి కదా. ఒకటి ఉంది. పిచ్చుక వాక్యాన్నే కొంచెం సర్ది ఇంకో రెండు కార్డులు రాశాను. ఒకటి బట్టల షాపు ఉద్యోగిని, ఇరవై నాలుగేళ్లు. ఇంకొకటి పశువుల ఆస్పత్రి నర్సు, ముప్పై ఒకటి. నర్సు ఎందుకు వచ్చిందో తెలీదు, చేయి అలా వెళ్లింది. ఆవిడకి జుట్టు ముడి వేసుకునే అలవాటు ఉంటుందనిపించింది.

తప్పేం కాదు. ఈ మాట ఊళ్లో ఎలాగూ ముగ్గురు అనే ఉంటారు. నేను వాళ్ల శ్రమ తగ్గించాను.

సెప్టెంబరు 11, గురువారం

దుప్పటి రోజూ ఉతుకుతున్నాను. మా ఆవిడకి అనుమానం రాలేదు, సంతోషించింది.

"ముగ్గురూ ఒకేసారి బెయిల్ అయిపోయారు. క్యాంటీన్‌లో నాలుగు కుర్చీల టేబుల్ దగ్గర నేనొక్కదాన్నే."

బెయిల్ కావడం, చెప్పాపెట్టకుండా తప్పుకోవడం. ఎడమ గడిలో జామీను, గడ్డిమోపు. నాలుగు కుర్చీలు అని ప్రత్యేకంగా చెప్పడం వల్ల అర్థం ఎంత స్పష్టమైందో. ఈ పిల్లకి ఉదాహరణ వాక్యాల మీద పుట్టుకతో వచ్చిన పట్టు ఉంది, నా పోలికే.

నర్సు కార్డులో క్యాంటీన్ తీసేసి పశువుల దాణా గది పెట్టాను.

సెప్టెంబరు 16, మంగళవారం

మా ఆవిడ స్నానాల గది తలుపు దగ్గర ఆపి అడిగింది, "పిచ్చుక ఈ మధ్య అసలు మాట్లాడటం లేదు, గమనించారా?"

మాట్లాడకపోవడమేమిటి, నా దగ్గర అరవై కార్డులున్నాయి అనబోయి ఆగాను. చదువు బరువు పెరిగింది, సర్దుకుంటుంది అన్నాను. ఆవిడ ఇంకేదో అనబోయింది. బాల్కనీలో అలికిడైంది, నేను దుప్పటి గుర్తొచ్చి వెళ్లాను.

ఇల్లు ఈ మధ్య ఎంత ప్రశాంతంగా ఉందో. పనికి చాలా అనుకూలం.

సెప్టెంబరు 17, బుధవారం

కంపోజర్ ముప్పై నాలుగు మాటలు కొట్టేశాడు. ఉక్కు స్టీల్, దొంగ స్టీల్ రెండూ మన లిపిలో ఒకేలా కనబడ్డాయట. ఒకే మాట రెండుసార్లు పడిందని ఒకటి తీసేశాడు. అన్ని పేజీల్లోనూ. తప్పులు దిద్దానని చాలా తృప్తిగా చెప్పాడు. మేడమ్ ఏడ్చారు. ఆవిడ ఏడుపు కూడా నిఘంటువులో ఉన్నట్టే ఉంటుంది, నియమం ప్రకారం, రుమాలుతో.

అన్నీ మళ్లీ పెట్టించాం. మాటకి ఒకటి, రెండు అని అంకెలు వేయించాం. కంపోజర్ ఇప్పుడు అంకెలు చూసి, మూడోది ఎక్కడని అడుగుతున్నాడు.

సెప్టెంబరు 22, సోమవారం

సంపాదకులుగారు గదిలోకి పిలిచారు. ఆయన బల్ల మీద నా కార్డులు పరిచి ఉన్నాయి.

తిట్లు కాదు, మెచ్చుకోలు. నలభై ఏళ్లలో ఇంత సజీవమైన వాక్యాలు చూడలేదన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆయనకి ఒక సంగతి తట్టిందట. బస్సు ప్రయాణికురాలు, షాపు ఉద్యోగిని, పశువుల నర్సు, ముగ్గురూ వాక్యాన్ని "అది కాదు, విను" అనే మొదలుపెడుతున్నారు. వయసు వేరు, పని వేరు, మొదలు మాత్రం ఒకటే. ఊళ్లోని ఆడవాళ్లందరిలోనూ ఒక కొత్త భాషారీతి పుట్టిందని ఆయన సిద్ధాంతం. దాని మీద పదకొండు పేజీల ముందుమాట అప్పుడే సగం రాసేశారు. నేను వాళ్ల తలకట్లు దిద్దినంత జాగ్రత్తగా ఆ మొదటి మూడు మాటల సంగతి చూసుకోలేదు. అవి అర్థానికి అవసరం లేదని పట్టించుకోలేదు.

వస్తుంటే వెనక నుంచి అన్నారు, "ఈ ముగ్గురూ ఏదో బాధలో ఉన్నారయ్యా. ఆ నర్సు అయితే మరీ. దాణా గదిలో ఒక్కతే కూర్చోవడం ఏమిటి పాపం."

మన పని మాట వరకేనండీ అన్నాను. ఆయనే నేర్పిన మాట అది.

సెప్టెంబరు 25, గురువారం

"అది కాదు, విను. నువ్వు నన్ను ఘోస్ట్ చేస్తున్నావా, నీ ఫోను పాడైందా, కనీసం అదైనా చెప్పు."

ఘోస్ట్ చేయడం, ఉన్నట్టుండి జవాబివ్వడం మానేయడం. ఎడమ గడిలో దయ్యం, దాని పక్కన హోస్ట్, ఆతిథ్యమిచ్చేవాడు. కుడి గడి అర్థం కోసం నేను పశువుల నర్సుని ఎక్కువ కష్టపెట్టలేదు, వాక్యం ఉన్నదున్నట్టు ఇచ్చేశాను.

ఒక్క విషయం. అవతల వినే స్నేహితురాలు ఎవరో గానీ గొప్ప ఓపికగల పిల్ల. చిన్నప్పటి నుంచీ పిచ్చుకతో కలిసి తిరిగే పిల్లే అయ్యుంటుంది. పది నిమిషాలు మాట్లాడినా మధ్యలో ఒక్క మాట అడ్డు రాదు. పిచ్చుక మాట్లాడుతుంది, ఆగి ఫోను తెర వైపు చూస్తుంది, మళ్లీ మాట్లాడుతుంది. ఈ కాలంలో అలా వినేవాళ్లు దొరకడం కష్టం.

సెప్టెంబరు 29, సోమవారం

నూట ఆరు.

ఈ రోజు దొరికింది స్క్వాడ్. ఎడమ గడిలో దళం, దాని జోడీ స్క్వాట్, గొంతుక్కూర్చోవడం. "ఇవాళ కూడా పద్నాలుగు చివరి స్టాపు దాకా. ఇప్పుడు నా స్క్వాడ్ అంటే కండక్టరాంటీ ఒక్కతే."

స్క్వాడ్ అంటే ఎప్పుడూ కలిసి తిరిగే జట్టు. ఒక్క మనిషిని జట్టు అనడం వింత ప్రయోగం. పక్కన "హాస్యం" అని గుర్తు పెట్టాను. పద్నాలుగంటే ఏమిటో తెలియలేదు, ఏదో తరగతి గది కావచ్చు. కొట్టేశాను.

అక్టోబరు 1, బుధవారం

దుప్పటికి చిల్లు పడింది.

అక్టోబరు 2, గురువారం

క్యాప్ కోసం నెల రోజులుగా చూస్తున్నాను. ఎడమ గడిలో టోపీ. దాని జోడీ కేప్, భుజాల మీద కప్పుకునే గుడ్డ. కుర్రకారు క్యాప్ అంటే అబద్ధం. మనవాళ్లు టోపీ పెట్టాడు అనడం లేదూ, అంత దూరమేం కాదు.

"అది కాదు, విను. కాలేజీ బాగుందని ఇంట్లో రోజూ చెప్తున్నా. మొత్తం క్యాప్." ఆ తర్వాత ఇంకా కొంత ఉంది. అందులో నా ప్రస్తావన వచ్చింది. సగం రాశాక చూస్తే కార్డు నిండిపోయింది. వెనక్కి తిప్పి పెన్సిల్‌తో రాసి, మాటకి సంబంధం లేదని కొట్టేశాను.

మంచి వాక్యం. తడుముకోకుండా వచ్చింది.

అక్టోబరు 3, శుక్రవారం

నూట ఇరవై. పన్నెండు రోజులు ముందే. జీవితంలో ఏదైనా ముందే ముగించడం ఇదే మొదలు. ఇంట్లో చెప్పుకుందామని వెళ్లాను. మా ఆవిడ పనిలో ఉంది. పిచ్చుక "ఊ" అంది.

అక్టోబరు 6, సోమవారం

కొంప మునిగింది.

సంపాదకులుగారు ఆవిష్కరణ సభకి ఆ ముగ్గురినీ పిలవమన్నారు. మొదటి వరసలో మూడు కుర్చీలు. పశువుల నర్సుకి ఆయన స్వయంగా శాలువా కప్పుతారట. ఎందుకో ఆవిడంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం. చిరునామాలు రేపటికి కావాలి.

ముగ్గురూ ఊళ్లో లేరని చెబుదామా? ముగ్గురూ ఒకేసారా? ఎడమ గడి మేడమ్ నన్ను చూసి, మీకు వంట్లో బాగున్నట్టు లేదన్నారు. ఆవిడకి తెలియకపోవచ్చు గానీ, ఆ మాట నిజం.

రేపు మధ్యాహ్నం మా ఆవిడకి సెలవు. ఆవిడ నర్సుగా పనికొస్తుంది. రక్తం తీసే మనిషే, పశువులదో మనుషులదో సభలో ఎవరడుగుతారు?

అక్టోబరు 7, మంగళవారం

పెట్టె ఇంటికి తెచ్చి, మా ఆవిడకి అంతా చెప్పేశాను. దుప్పటి గురించి కూడా. పశువుల నర్సుగా ఒక్క పూట నటించమని అడిగాను. జుట్టు ముడి వేసుకుంటే చాలన్నాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. కార్డులు ఇటివ్వమంది. నాలుగు కార్డులు తిరగేసి, "ఇవి ఏ వరసలో ఉన్నాయి?" అంది. అక్షరక్రమంలో అన్నాను. ఎందుకని అడిగితే, ఇరవై రెండేళ్లుగా అలాగే ఉన్నాయి అన్నాను.

"మా ల్యాబులో మనిషి రిపోర్టులు తేదీల వారీగా పెడతాం. అక్షరాల వారీగా పెడితే మనిషి పోయినా తెలీదు" అంది.

పెట్టె బోర్లించింది. షాపు ఉద్యోగినిని, నర్సుని పక్కకి తోసేసి, ప్రయాణికురాలి కార్డులు మాత్రం నేల మీద తేదీల వరసలో పరిచింది. వంటింటి గుమ్మం నుంచి బాల్కనీ దాకా వచ్చాయి. ఆవిడ ఒక చివర, నేను ఒక చివర మోకాళ్ల మీద కూర్చుని చదివాం.

నా గురించి ఏదో టీ తిరుగుతోందట. ముగ్గురూ ఒకేసారి బెయిల్ అయిపోయారు. అది ఎనిమిదో తారీఖు, ఇది పదకొండు. పక్కపక్కనే ఉండాల్సినవి. నా పెట్టెలో వాటి మధ్య డెబ్భై కార్డులు ఉన్నాయి. తర్వాతది, తను క్లాసులోకి వస్తే బల్లలు జరుపుకుంటున్నారని. తర్వాతది, నేనేం చేశానో చెబితే సారీ చెప్పేస్తాను అని. దాని మీద నేను ఎర్ర సిరాతో "సాధారణం" అని రాశాను. తర్వాత ఘోస్ట్. ఆ ఓపికగల స్నేహితురాలు. నా బుద్ధి తగలెయ్య, అవతల ఎవరూ లేరు. వినని మనిషికి రికార్డు చేసి పంపుతూ నెల రోజులుగా ఒక్కతే మాట్లాడుకుంటోంది. తర్వాత పద్నాలుగు. అది తరగతి గది కాదు.

చివరి కార్డు బాల్కనీ గుమ్మం దగ్గర ఉంది. కాలేజీ బాగుందని ఇంట్లో రోజూ చెప్తున్నా, మొత్తం క్యాప్. మా ఆవిడ దాన్ని తిప్పింది. కొట్టేసిన పెన్సిలు గీత కిందుగా కనిపిస్తోంది. "నాన్నకి చెబుదామనుకున్నా. చెబితే రాసుకుంటాడు."

రాసుకున్నాను.

నా కూతురు ఇంత దుఃఖంలో ఉంటే నేను వాక్యం బాగుందని మురిసిపోయాను. రోజుకో దుప్పటి ఉతికి మరీ విన్నాను. ఊళ్లో ఎవడూ ఇంత దగ్గరగా నిలబడి ఇంత వినకుండా ఉండడు.

మా ఆవిడ కళ్లు తుడుచుకుని, తనకి కూడా తెలియాల్సిందంది. అప్పుడే తేరుకుని టైము చూసింది. రెండున్నర. కాలేజీ వదిలే వేళ కాలేదు, అంటే పిచ్చుక ఇంకా బస్సులోనే ఉంటుంది. ఎవరు వెళ్తారంది. నేను వెళ్తానన్నాను. గుమ్మం దాటుతుంటే, జేబులు ఖాళీ చేసి వెళ్లండి అంది. చేశాననే చెప్పాను.

అక్టోబరు 8, బుధవారం

నిన్నటిది.

మూడు బస్సులు వదిలేశాక ఆ కండక్టరమ్మ ఉన్న పద్నాలుగు వచ్చింది. ఆవిడ నన్ను మెట్టు మీదే ఆపింది. మళ్లీ మొదలా అంది. జేబులు చూపించమంది. లోపలి జేబులో మూడు తెల్ల కార్డులు దొరికాయి. నేను ఎందుకు పెట్టుకున్నానో ఒట్టు, నాకే తెలీదు. చేతికి అలవాటు. ఆవిడ వాటిని లాక్కుని, టకటకలాడుతున్న కిటికీ సందులో మడిచి దోపింది. శబ్దం ఆగింది.

చివరి సీటు వైపు చూశాను. ఆవిడ నా చూపు వెంట చూసి, ఆ పిల్ల మీకేమవుతుందంది. చెప్పాను.

"మీ అమ్మాయా? మూడు వారాలైంది సార్ ఇలా అటూ ఇటూ తిరగబట్టి. ఏమైందమ్మా అని నేనే అడిగాను. మీరు అడగలేదా?"

అడగలేదన్నాను.

పిచ్చుక కిటికీకి తల ఆనించి కూర్చుంది. నన్ను చూసి ఉలిక్కిపడి, సంచీ దగ్గరికి లాక్కుంది. ఆ కుర్రాడు బూట్లు దాచుకున్నట్టే.

"ఇక్కడికి కూడా వచ్చేశావా నాన్నా. ఇంకెన్ని కావాలి?"

కార్డులు కిటికీలో ఉన్నాయని చెప్పాను. నమ్మలేదు, లేచి చూసి వచ్చింది. పక్కన కూర్చున్నాను. నాలుగు స్టాపులు దాటాయి. ఏదైనా ఓదార్పు మాట చెబుదామంటే ఒక్కటీ గుర్తు రాలేదు. నూట ఇరవై మాటల అర్థాలు తెలిసిన మనిషిని. ఆఖరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. దుప్పటి వెనక నిలబడి విన్నానని, తన మాటలు పుస్తకంలో పెట్టానని, తనని ముగ్గురు మనుషులుగా చేశానని.

ఎవరా ముగ్గురు అంది. ప్రయాణికురాలు, బట్టల షాపు ఉద్యోగిని, పశువుల ఆస్పత్రి నర్సు.

"పశువుల నర్సా?"

సంపాదకులుగారు నీకు శాలువా కప్పుతారు అన్నాను. పిచ్చుక నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. నవ్వుతూ నవ్వుతూనే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. ముందు సీటువాళ్లు తిరిగి చూస్తే కండక్టరమ్మ వాళ్లని టికెట్లు అడిగి తిప్పేసింది.

చివరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. మేం దిగలేదు. డ్రైవరు దిగి వెళ్లాడు. అప్పుడు పిచ్చుక ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అది కాదు, విను నాన్నా" అంది.

విన్నాను. అక్కడి నుంచి మళ్లీ ఇటు చివర దాకా, మళ్లీ అటు చివర దాకా విన్నాను. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

అక్టోబరు 9, గురువారం

సంపాదకులుగారికి నిజం చెప్పాను. బంధువుల నోరు, అదీ మూడుగా చీల్చిన నోరు. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే పోయిందనీ అనుకున్నాను, అది కొత్త.

ఆయన ముందు అడిగింది నర్సు గురించి. అసలు లేదా అన్నారు. లేదండీ అన్నాను. అయితే ఆ అమ్మాయి ఎలా ఉందన్నారు. కాలేజీకి వాళ్లమ్మ వెళ్లి మాట్లాడి వచ్చిందని, వేరే సెక్షన్‌కి మారుస్తారని, ఈ వారమంతా ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. మంచిదన్నారు. ఆ తర్వాతే ముందుమాట గుర్తొచ్చి తల పట్టుకున్నారు. ఊళ్లోని ఆడవాళ్లందరి భాషారీతి ఒక్క పిల్లది అయిపోయింది కదా, పదకొండు పేజీలూ పోయాయి.

అక్టోబరు 13, సోమవారం

గడువు మారదు. పిచ్చుక కార్డులన్నీ తీసేస్తే కుడి గడిలో పంతొమ్మిది మాటలే మిగిలాయి. మిగతాది ఖాళీగా అచ్చేస్తారట. పాఠకులు తామే విని పూరించుకోవలెను అని కింద ఒక వాక్యం. ఎక్కడ విన్నారో, ఎవరి నోట విన్నారో రాసుకోవడానికి గీతలు కూడా. కంపోజర్ ఇది తన జీవితంలో చేసిన అన్నిటికన్నా శుభ్రమైన పని అంటున్నాడు, దిద్దడానికి ఒక్క తప్పూ లేదట.

నన్ను ఎడమ గడికి వేశారు, మేడమ్ కింద. పన్నెండు పుస్తకాల్లో మొదటిది తెరిచి ఇచ్చి, నిదానంగా చేయండి, ఇవి ఎక్కడికీ పోవు అన్నారు. దయగా అన్నారు.

ప్రయాణికురాలి కార్డులు మాత్రం పెట్టెలో వదలలేదు. పిచ్చుకకి ఇచ్చేశాను, అవి తనవి.

అక్టోబరు 16, గురువారం

భోజనాల దగ్గర పిచ్చుక మాట్లాడింది. ముందు వాళ్లమ్మతో, తర్వాత ఇద్దరితో. కొత్త సెక్షన్‌లో పక్క బల్ల పిల్ల గురించి ఏదో చెబుతూ ఒక మాట అంది. నేనెప్పుడూ వినని మాట. ఏ పుస్తకంలోనూ ఉండదు. చెయ్యి తనంతట తనే జేబు దగ్గరికి వెళ్లింది. మా ఆవిడ ఆ జేబుని కుట్టేసి ఉంచింది.

పిచ్చుక చెప్పడం ఆపి నా చెయ్యి వైపు చూసింది. చెంచా పట్టుకునే ఉంది, కింద పెట్టలేదు.

ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలియలేదు. అడగలేదు. "తర్వాత ఏమైంది?" అన్నాను.

చాలాసేపు చెప్పింది.